రాజకీయం వంత

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు, భుజాన తంబురా, బొటనవేలికి అందెలు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఒకడిది హాస్యం, రెండోవాడిది రాజకీయం. హాస్యం వంతను ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు పిల్లలందరూ వాడి నడకే నడుస్తారు. నాకు మాత్రం ఎందుకో మొదట్నుంచీ రాజకీయం వంత మీదే కన్ను. కథకుడు నాగమ్మను కొలువులో కూర్చోబెట్టి, బ్రహ్మనాయుణ్ణి రప్పించి, కోడిపుంజులు రెండింటినీ బరిలోకి దింపి, జనం ఊపిరి బిగబట్టి వింటున్న చోట వీడు గుమ్మెట ఆపేస్తాడు. "అన్నా, నాకో సందేహం" అంటాడు. ఆ సందేహం పల్నాటి యుద్ధం నాటిది కాదు. ఆ ఊరిది, ఆ వారానిది.

మా గొలుగొండ వైపు అమ్మోరి పండగలో నేను విన్న సందేహం కిరసనాయిలు గురించి. "పందెంలో ఓడినోళ్ళు ఏడేళ్ళు ఊరొదిలి పోవాలన్నావు గదన్నా. మరి ఈ ఊరి రేషను కొట్లో కిరసనాయిలు ఏ పందెంలో ఓడిపోయిందో చెప్పన్నా, అదీ ఊరొదిలేసి చాన్నాళ్ళయిందట!" జనం గొల్లుమన్నారు. ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చున్న పెద్దమనుషులూ నవ్వారు, నవ్వకపోతే తమ మీదికే వస్తుంది గనక. కథకుడు తొణక్కుండా "దానికీ ఓ నాగమ్మ ఉంటుందిలే తమ్ముడూ" అని తంబురా మీటి మళ్ళీ కారంపూడి దారి పట్టాడు. కిరసనాయిలు మర్నాడే వచ్చేసిందని చెప్పను, వచ్చి ఉండదు. అయితే అప్పటిదాకా ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు గొణుక్కున్న మాట ఆ రాత్రితో అందరి మాటయింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆ వంత గొంతు పెట్టి మరీ అడిగి నవ్వుకునేవారు.

సామాజిక స్పృహ ఉన్న కళ అని సభల్లో తరచూ వింటుంటాం. మాట్లాడేవాళ్ళు దాన్ని వస్తువును బట్టి తూస్తారు. పేదవాడి మీద రాస్తే ఉన్నట్టు, వెన్నెల మీద రాస్తే లేనట్టు. ఆ తూకం నాకు నప్పదు. పేదవాడి మీద రాసినా నోరెత్తనివ్వని కథలు బోలెడు చూశాను. నేను చూసేదొక్కటే: కథ నడుస్తుండగా మధ్యలో ఆపి అడిగే మనిషికి అందులో చోటుందా లేదా? ఆ అడిగేది ఇప్పటి సంగతా కాదా?

గొలుగొండలో ఉండేవాడికి ఈ ఆలోచన తప్పదు. మా మండలంలోనే కృష్ణదేవిపేట ఉంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపి, శవాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చి దహనం చేశారు. అంతకు రెండేళ్ళ ముందు, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, రోజుకో పోలీసు స్టేషను చొప్పున రాజు దళం పట్టుకుంది. ఇరవై ఆరు తుపాకులు దొరికాయి. ఆ దాడుల్లో నన్నెప్పుడూ పట్టి నిలిపేది తుపాకుల లెక్క కాదు, పట్టుకెళ్ళిన తీరు. ఏమేం తీసుకెళ్ళిందీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టడం, తరవాతి దాడులకు ఫలానా చోటికి వస్తున్నామని మిరపకాయ టపా కట్టి ముందే కబురంపడం. దొంగచాటుగా వచ్చి పోతే తుపాకులు మాత్రమే దక్కేవి. చెప్పి వచ్చి, సంతకం పెట్టి పోతే స్టేషనంటే ఊరికున్న భయం కూడా పోతుంది. చూసేవాళ్ళున్నారని, తాము చేసేది వాళ్ళు నలుగురికీ చెప్పుకుంటారని తెలిసినవాడి పని అది. చెయ్యి తిరిగిన నాటకకర్త కూడా ఇంతకంటే బాగా రంగం కట్టలేడు.

మరి ఆ మూడు రోజుల వెనక ఉన్నదేమిటి? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. పోడు కొట్టుకుంటే నేరం, అడవిలో కాయా కర్రా ఏరుకుంటే నేరం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వేసిన రోడ్డు. ఆ రోడ్డు పనికి కొండవాళ్ళను తోలుకెళ్ళి, కూలి సరిగా ఇవ్వకుండా, అడిగితే కొట్టించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. హక్కులు పోగొట్టుకున్న కొండ పెత్తందార్లు, ముఠాదార్లు. పట్టా, కూలి, రోడ్డు. ఇప్పటికీ మండలాఫీసు ముందు చెట్టు కింద కూర్చున్నవాళ్ళు మాట్లాడుకునేది ఈ మూడింటి గురించే.

అసలు ఈ నేల మీద మొదటి తిరుగుబాటు రాజుగారిది కాదు. పాత రికార్డుల్లో నర్సీపట్నం తాలూకాకు గొలుగొండ తాలూకా అనే పేరు. గొలుగొండ జమీందారీ కుంఫిణీ చేతికి పోయాక, 1845 నుంచి మూడేళ్ళు కొండ సర్దార్లు పోరాడారు. దాని మీద నేను ఒక్క పాట వినలేదు, ఒక్క నాటకం చూడలేదు. ఏ పోరాటానికి పాట దక్కుతుందో, ఏది గెజిటీరులో పేరాగా మిగిలిపోతుందో ఎవరూ ముందు చెప్పలేరు. రాజుగారి కథకు పాట దక్కింది, బుర్రకథ దక్కింది, ఆ తరవాత సినిమా దక్కింది.

1974 మే 1న విడుదలైన ఆ సినిమా కృష్ణకు నూరోది. తెలుగులో తొలి సినిమాస్కోపు. అందులో పాటకే శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది, తెలుగు సినీకవికి ఆ గౌరవం అదే మొదలు. మా వైపు ఆ సినిమా చూడని ఇల్లుండదు. జెండా పండగకి, రాజుగారి జయంతికి, వర్ధంతికి మైకులో ఆ పాట మోగాల్సిందే. నేనూ అది వింటూనే పెరిగాను, ఇప్పటికీ వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. తెల్లదొర రూథర్‌ఫర్డుగా జగ్గయ్య గొంతు విని అసూయ పడని నటుడు ఉండడేమో. సినిమా మీద నాకే కోపమూ లేదు. కొండవాళ్ళ కష్టం అందులో లేదనీ అనను. కానీ విల్లు ఎక్కుపెట్టింతర్వాత కూలి సంగతి ఎవరికీ గుర్తుండదు. తెరకు వంత లేడు. గుమ్మెట ఆపి "అన్నా, ఆ రోడ్డు కూలి బాకీ తీరిందా?" అని అడిగేవాడు లేడు.

కథ రాజుగారితో ఆగిపోతే మరుగున పడేవాళ్ళు కూడా ఉంటారు. రాజు దళంలోని గాం గంటందొర పేరైనా నలుగురికీ తెలుసు. అతని తమ్ముడు మల్లుదొర పట్టుబడి, అండమాను జైలు చూసి, బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తుపాకీ పట్టిన కొండమనిషి పార్లమెంటులో కూర్చున్నాడు! నా దృష్టిలో సినిమాకు ఇంతకంటే గొప్ప కథ లేదు. కానీ అందులో హీరో చనిపోడు, ముసలివాడవుతాడు, సభలకు వెళ్తాడు, అర్జీలు పెడతాడు. అలాంటి హీరోకి మనవాళ్ళు టికెట్టు కొనరు.

2022లో రాజుగారికి ఏకకాలంలో అన్నీ వచ్చాయి. మార్చి 25న రాజమౌళి సినిమా. అందులో ఆయనా కొమరం భీమూ చేతులు కలిపారు, చరిత్రలో ఎన్నడూ కలవని ఇద్దరూ. ఏప్రిల్ 4న ఆయన పేరుతో పాడేరు కేంద్రంగా జిల్లా. జులై 4న భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహం, ఆవిష్కరించింది ప్రధానమంత్రి. జిల్లా గీతలు గీసినవాళ్ళు గొలుగొండ మండలాన్ని అనకాపల్లిలో ఉంచారు. దాంతో రాజుగారి పేరు కొండెక్కింది, రాజుగారు ఇక్కడే ఉండిపోయారు. కృష్ణదేవిపేట టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన కలిశాడు, కొండ ఊరివాడు, పోడు పట్టా పని మీద దిగి వచ్చాడు. చేతిలో పాలిథిన్ కవరు, దాన్నిండా జిరాక్సు కాగితాలు. మాటల్లో సినిమా చూశావా అని అడిగాను.

"సూసాను బావూ."

"ఎలా ఉంది?"

కాసేపు ఆలోచించాడు. "గుర్రం బాగుంది."

ఏ సినిమా అని నేను అడగలేదు.

అడిగేవాడుంటే కళ ఎలా ఉంటుందో చూడాలంటే మా జిల్లా దాటి పోనక్కర్లేదు. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోదే. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. ఆ అచ్చు ప్రతికి ఆయన రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా రాయించిన జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం వెనకాడతారు కాబట్టి ఈ జాబితా పూర్తిది కాదని కూడా ఆయనే చెప్పాడు. నవ్వించే నాటకం గుమ్మంలో ఈ అంకెలు పెట్టిన మనిషి ఆయన. ప్రేక్షకుడు గిరీశం మాటలకు కడుపుబ్బ నవ్వి ఇంటికెళ్ళాక, పక్కింటి బేరం గుర్తొచ్చి ఉలిక్కిపడాలి.

గురజాడ ఇంకొక పని చేశాడు, మన కళాకారుల్లో చాలామంది చెయ్యనిది. సంస్కరణ ఉపన్యాసాలు చాలావరకు గిరీశం నోట పెట్టాడు. వితంతు వివాహం మంచిదని నమ్మిన రచయిత, ఆ మాటను పచ్చి మోసగాడి చేత చెప్పించాడు. తన పక్షాన్నే గుమ్మెట ఆపి ప్రశ్నించాడన్నమాట. వంతకు అసలు పరీక్ష అదే. ఎదుటి పార్టీ మీద చతుర్లు ఎవడైనా వేస్తాడు. దళం పోషకుడి మీద, స్టేజీ కట్టినవాడి మీద, తన కథకుడి మీద వెయ్యగలిగితే వాడు రాజకీయం వంత. లేకపోతే రెండో హాస్యం.

1943లో ప్రజానాట్యమండలి పుట్టినప్పుడు మనవాళ్ళు ఈ వంత విలువ గుర్తించారు. పొన్నెకల్లు నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా చెబితే, తెలుగు రైతులు కంటితో చూడని కలకత్తా వీధుల కోసం ఏడ్చారు, జోలె పడితే డబ్బులేశారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన 'మా భూమి'ని ఊరూరా ఆడుతుంటే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిషేధం కూడా ఒకరకం విమర్శే, అందునా బాగా శ్రద్ధగా చదివినవాళ్ళు చేసే విమర్శ. ఉత్తరాంధ్రలో ఎల్లమ్మ కథ చెప్పుకునే జముకును సుబ్బారావు పాణిగ్రాహి తీసుకుని రైతుకూలి కథ చెప్పాడు. బొడ్డపాడులో గుడి పూజారి ఆయన. 1969 డిసెంబరులో చంపేశారు. వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూ మా యాసలో పాటలు కట్టాడు. అంతకుముందు రేడియోలో, సినిమాలో మా యాస వినిపిస్తే అది నవ్వించడానికే. ఆయన నోట అది దర్జాగా నిలబడింది. అది చిన్న సంగతేం కాదు. మన మాటకు పాటలో చోటు దొరికితేనే, ఆ మాటతో ఆఫీసులో అడగడానికి నోరు లేస్తుంది.

తరవాత్తరవాత ఏమవుతుందో గద్దర్ జీవితం చూస్తే తెలుస్తుంది. 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి కాల్చారు. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టులో ఆయన పోతే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమాలకిచ్చే అవార్డులు ఆయన పేరు మీదే. అవార్డు తప్పని నేననను, పేరు నిలవడం మంచిదే. కానీ ఆ పాటలు వినాల్సినవాళ్ళ వేదిక మీదికే ఆ పేరు ఎక్కాక, కింద నిలబడి "అన్నా, నాకో సందేహం" అనడం మునుపటికంటే కష్టమవుతుంది.

సర్కారు సొమ్ముతో నడిచిందల్లా చప్పగా ఉంటుందనుకోకండి. నెల్లూరు జిల్లాలో 1990లో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు కళాజాతాలు ఊళ్ళు తిరిగాయి. రాత్రి బడుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఒకటుంది. తాగుబోతు మొగుడు, కూలి డబ్బులన్నీ సారాకి. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి పుస్తకం మూసి పడుకోలేదు. "మరి మనూళ్ళో?" అని అడిగారు. వెళ్ళి సారా దుకాణం మూయించారు. అక్కణ్ణుంచి జిల్లాకీ, రాష్ట్రానికీ పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. రెండేళ్ళలో అది సడలిపోయింది, అది వేరే కథ. పాఠం రాసినవాళ్ళు ఎంత గొప్పగా రాశారని నేను అబ్బురపడను. అక్కడ వంత పని పాఠం చెయ్యలేదు, చదివినవాళ్ళు చేశారు. పాఠం వాళ్ళకు చోటు ఇచ్చింది, అంతే.

ఇప్పుడు మా ఊళ్ళకు వచ్చే కళాజాతాల్లో ఆ చోటు కనపడదు. గంజాయి వద్దని, ప్లాస్టిక్ వద్దని, బాల్యవివాహాలు వద్దని వ్యాను మీద వస్తారు. మంచి గొంతులు, మంచి డప్పు. పాపం వాళ్ళ కష్టం వాళ్ళది, ఇచ్చే పైసలు బస్సు చార్జీలకీ భోజనాలకీ సరి. పాట ఆఫీసులో ఖరారై వస్తుంది. ఒకసారి గంజాయి మీద ఆట అయ్యాక ఒక కుర్రాడు లేచి "మోసేవోళ్ళనే పట్టుకుంటారేటండీ, మోయించేవోళ్ళని పట్టుకోరా?" అన్నాడు. ఏజెన్సీ నుంచి దిగే దారిలో ఉన్న ఊరు మాది, కూలికి మూట మోసి జైలుకెళ్ళిన పిల్లలు ఏ ఊళ్ళోనైనా కనిపిస్తారు. దళం నాయకుడు బిక్కమొహం వేసి మైకులో తరవాతి పాట ఎత్తుకున్నాడు. నిజంగా రాజకీయం వంత దొరికిన క్షణం అది. ఆ మాట ఎత్తుకుని రెండు దరువులు వేసి ఉంటే ఆ ఆట ఆరు మండలాలు తిరిగేది.

కొండ ఊళ్ళవాళ్ళు మాత్రం ఎవరూ వచ్చి ఆడతారని ఎదురుచూడ్డం మానేశారు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం మండలాల్లో కొండ మీదున్న గిరిజన ఊళ్ళు చాలావరకు షెడ్యూల్డు ప్రాంతంలోకి రావు. అదే కొండకు అవతలి వైపు ఉంటే గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా 1/70 చట్టం కాపాడుతుంది, ఇవతల ఉంటే కాపాడదు. రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసుకొస్తారు. ఈమధ్య వీళ్ళు ఆ డోలీనే నిరసనకు పట్టుకొస్తున్నారు. అడ్డాకులతో కుట్టిన టోపీలు పెట్టుకుని, వరసగా నడిచి, ఖాళీ డోలీని మోసుకుంటూ ఆఫీసుల దాకా వస్తున్నారు. పేపరువాడు ఫొటో తీసి 'వినూత్న నిరసన' అని రాస్తాడు. ఇంకో దేశంలో ఎవరైనా ఇదే చేస్తే విమర్శకులు ప్రదర్శన కళ అని పేరు పెట్టి పుస్తకాలు రాసేవారు. బ్రెజిల్లో అగస్టో బోల్ అనే నాటక దర్శకుడు ప్రేక్షకుణ్ణి ఆటలోకి పిలిచి, ఇక్కణ్ణుంచి కథ నువ్వు నడుపు అన్నాడని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. వీళ్ళనెవరూ పిలవలేదు. వీళ్ళే దిగారు. రంగసామగ్రి ఇంటి దగ్గరిది, నటన అక్కర్లేదు, నిన్న రాత్రి మోసిందే ఇవాళ పగలు మోసి చూపిస్తున్నారు.

ఏటా మే 7న, జులై 4న కృష్ణదేవిపేట సమాధి దగ్గర సభ జరుగుతుంది. దండలు, ఫొటోలు, మైకులో ఆ పాట. నాకు తెలిసిన మాస్టారొకాయన అలాంటి ఏర్పాట్లలో తిరుగుతుంటారు. ఉపన్యాసాలు తగ్గించి ఒక అరగంట బుర్రకథకు ఇద్దురూ అన్నాను. రాజుగారి కథే చెప్పించండి, కథకుణ్ణీ హాస్యాన్నీ ఎక్కణ్ణుంచైనా తెచ్చుకోండి, రాజకీయం వంతను మాత్రం ఆ డోలీ మోసే ఊళ్ళ నుంచి పెట్టండి, ముందుగా కాగితం రాసివ్వకండి అన్నాను.

ఆయన నవ్వి, "పెద్దలొస్తారు కదండీ, వాడేం అడుగుతాడో ఏటో" అన్నారు.

అడిగేవి ఏమంత కొత్తవి కావు మాస్టారూ, వందేళ్ళ కిందట ఇదే ఊళ్ళో అడిగినవే. పట్టా ఎప్పుడిస్తారు? రోడ్డు ఎప్పుడేస్తారు? వేసే రోడ్డుకి కూలి ఎంత, ఆ కూలి ఎవరి చేతికిస్తారు? ఆయన ఆలోచిద్దాం అన్నారు. వచ్చే జులైకి దళాన్ని మాట్లాడే పని నేను పెట్టుకున్నాను. గుమ్మెట కొట్టడం వచ్చిన కుర్రాడు కొండ మీద ఒకడు ఉన్నాడని, గంజాయి ఆట రోజున లేచి అడిగినవాడు అతనేనని టీకొట్టులో చెప్పారు.